ముద్దాయి ఆడమనిషి అయితే కోర్టు ఏం చూస్తుంది: హనుమకొండ నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబు

ప్రశ్న: ఇళ్లలో పనిచేసే మా చిన్నమ్మ మీద ఓనరమ్మ బంగారు గొలుసు పోయిందని కేసు పెట్టింది. పోలీసులు రిమాండ్ చేశారు. బాబాయి లేడు. ఇద్దరు పిల్లలు, చిన్నోడికి మూడేళ్లు. తప్పు చేసిన ఆడవాళ్ల కోసం విదేశాల్లో ప్రత్యేక కోర్టులు ఉన్నాయని చదివాను. మన దగ్గర కేసుని మహిళా కోర్టుకి మార్పించుకోవచ్చా? ఆడమనిషి, పిల్లల తల్లి అని శిక్ష తగ్గిస్తారా?

జవాబు:

చెల్లె, మహిళా కోర్టు సంగతి ముందు తేల్చేస్తాను. కేసుని అక్కడికి మార్పించుకోలేరు. వరకట్న వేధింపులు, లైంగిక దాడి లాంటి కేసుల కోసం, అంటే బాధితురాలు ఆడమనిషి అయినప్పుడు విచారించడం కోసం పెట్టిన కోర్టులు అవి. ముద్దాయి ఆడమనిషి అయినంత మాత్రాన కేసు అక్కడికి పోదు. దొంగతనం కేసు ఏ స్టేషన్‌లో నమోదైందో ఆ స్టేషన్‌ని చూసే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గరే నడుస్తుంది. షీ టీమ్స్, భరోసా, సఖి కేంద్రాలు కూడా అన్యాయం జరిగిన ఆడవాళ్ల కోసం వచ్చినవే. బోనులో నిలబడ్డ ఆడమనిషి కోసం విడిగా పెట్టిన ఏర్పాటేదీ మన దగ్గర లేదు.

అలాగని చట్టంలో ఏమీ లేదనుకోవద్దు. నేను వరంగల్‌లో క్రిమినల్ కేసులు చూసే అడ్వకేట్‌ని. లీగల్ ఎయిడ్ కింద ఆడ ముద్దాయిల కేసులు ఏళ్లుగా చూస్తున్నాను. విదేశాల్లో ఆ ప్రత్యేక కోర్టులు చేసే పనిలో చాలా భాగం మన మామూలు మేజిస్ట్రేట్ కూడా చేయొచ్చు, అందుకు సెక్షన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కాకపోతే ఆ మనిషి పరిస్థితి ఏమిటో చెప్పే కాగితం ఒక్కటి కూడా ఫైల్లోకి రాదు. మీలాంటి ఇంటివాళ్లు చేయాల్సిన పని అంతా ఆ కాగితాల దగ్గరే ఉంది.

అన్నిటికంటే ముందు బెయిల్. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని ఏ సెక్షన్ పెట్టారో చూడండి. పనిమనిషి యజమాని సొత్తు తీసిందని అయితే బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 306, నివాస గృహంలో దొంగతనం అయితే 305 పెడతారు. రెండింటికీ గరిష్ఠ శిక్ష ఏడేళ్లే. ఏడేళ్ల లోపు కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదని, ముందు నోటీసు ఇచ్చి పిలవాలని, అరెస్టు చేస్తే ఎందుకు అవసరమైందో కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేశ్ కుమార్ కేసులో చెప్పింది. ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ (అరెస్టు, బెయిల్, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 35వ సెక్షన్‌లో ఉంది. మీ చిన్నమ్మకి నోటీసు ఇచ్చారా, అరెస్టు చేసినప్పుడు పొద్దు గూకిందా అని కూడా అడగండి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి, మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. ఇవన్నీ బెయిల్ పిటిషన్‌లో రాయాల్సిన మాటలు.

ఇంకో మాట కూడా అందులో పడాలి. నాన్ బెయిలబుల్ కేసుల్లో బెయిల్ గురించి చెప్పే బీఎన్ఎస్ఎస్ 480వ సెక్షన్, ఉరిశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరాల్లో కూడా ముద్దాయి మహిళ అయితే బెయిల్ ఇవ్వొచ్చని అంటుంది. అంత పెద్ద నేరాలకే వర్తించే వెసులుబాటు ఏడేళ్ల కేసులో ఎందుకు గుర్తుకు రాకూడదని వాదించొచ్చు. మనీ లాండరింగ్ చట్టంలోనూ 45వ సెక్షన్ కింద ఇలాంటి మినహాయింపే ఉంది. కవిత గారి కేసులో, చదువూ పలుకుబడీ ఉన్న మహిళకి అది వర్తించదన్నట్టు ఢిల్లీ హైకోర్టు మాట్లాడితే, సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టి 2024 ఆగస్టు 27న బెయిల్ ఇచ్చింది. ఆ కేసులో దేశంలోకెల్లా పెద్ద లాయర్లు నిలబడ్డారు. అంట్లు తోమే మనిషి కేసులో ఆ ఒక్క వాక్యం పిటిషన్‌లో రాసేవాళ్లు కూడా ఉండరు, తేడా అక్కడుంది.

ఇలాంటి కేసుల్లో బెయిల్ ఆర్డర్ రావడం పెద్ద కష్టం కాదు. ఆర్డర్ వచ్చిన మనిషి బయటికి రావడమే కష్టం. హనుమకొండ అదాలత్ సెంటర్ దగ్గర కోర్టు ఆవరణలో ఒక పొద్దంతా నిలబడితే మీకే తెలుస్తుంది. ఇద్దరు ష్యూరిటీలు, అంటే ఆమె వాయిదాలకి వస్తుందని జామీను ఉండేవాళ్లు, కావాలంటారు. ఒక్కొక్కరి దగ్గర ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువ చెప్పే సర్టిఫికెట్, ఆధార్, ఫోటోలు, లేదంటే పట్టాదారు పాస్ బుక్. మగవాడు జైల్లో ఉంటే పెళ్లాం, తల్లి, అన్నదమ్ములు తలో దిక్కు ఉరికి ఏదో ఒకటి పట్టుకొస్తారు. ఆడమనిషి జైల్లో ఉంటే చాలా ఇళ్లలో ఉరికేవాళ్లే ఉండరు. పుట్టింటివాళ్లు ‘పరువు తీసింది’ అంటారు, అత్తింటివాళ్లు ‘మాకు సంబంధం లేదు’ అంటారు. ఆమె పేరు మీద గుంట భూమి ఉండదు, ఇల్లు ఉంటే మామ పేరు మీదో మరిది పేరు మీదో ఉంటుంది. ఆ మరిది వచ్చి సంతకం పెట్టాలంటే ఆమె మీద ఆయనకి కోపం ఉండకూడదు.

కాబట్టి పిటిషన్ వేసేనాటికే ష్యూరిటీలని చూసుకోండి. దొరక్కపోతే, దొరకలేదన్న సంగతి కోర్టుకి రాతపూర్వకంగా చెప్పండి. 1978లో మోతీరామ్ కేసులో ఒక మేస్త్రీకి పదివేల ష్యూరిటీ అడిగి, వేరే జిల్లా మనిషి ఇస్తానంటే వద్దన్నందుకు జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మేజిస్ట్రేట్‌ని గట్టిగానే ప్రశ్నించారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకొంచెం ముందుకెళ్లింది. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలైనా బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు సడలించాలేమో కోర్టే స్వయంగా చూడొచ్చు. లోకల్ ష్యూరిటీయే కావాలని పట్టుబట్టడం విడుదలకి అడ్డం పడుతోందని, అలాంటి షరతు పెట్టకుండా ఉండొచ్చని కూడా అందులోనే ఉంది. బయటికొచ్చాక ష్యూరిటీలు తెచ్చుకుంటానంటే కొద్దిరోజులకి తాత్కాలిక బెయిల్ కూడా అడగొచ్చు. వీటిలో ఏదీ దానంతటది జరగదు. ఎవరో ఒకరు తేదీలు లెక్కబెట్టుకుని అడగాలి. కోర్టు గేటు దగ్గర డబ్బుకి ష్యూరిటీ ఉంటామని వచ్చేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. దొంగ కాగితాలని తేలితే మీ చిన్నమ్మ మీద ఇంకో కేసు పడుతుంది.

డబ్బు సమస్యే అయితే, పేద ఖైదీలకి సాయం చేసే కేంద్ర పథకం ఒకటుంది. 2023లో మొదలైనప్పుడు విచారణ ఖైదీకి బెయిల్ కోసం రూ. 40 వేల వరకు, శిక్ష పడ్డవాళ్లకి జరిమానా కట్టడానికి రూ. 25 వేల వరకు ఇచ్చేలా పెట్టారు. జిల్లాలో కలెక్టరు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి తదితరులున్న కమిటీ నిర్ణయిస్తుంది. దొంగతనం కేసుకి అడ్డు లేదు. గంజాయి కేసులకి, మనీ లాండరింగ్ కేసులకి ఇది రాదు.

లాయర్ ఫీజు గురించి మీరు అడగలేదు గానీ, నేనే చెప్తాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. తెల్ల కార్డు అడగరు, ఆదాయ సర్టిఫికెట్ అక్కర్లేదు. హనుమకొండ కోర్టుల సముదాయంలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లి దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అని 2022 నుంచి వచ్చిన ఏర్పాటులో పూర్తి సమయం ముద్దాయిల కేసులే చూసే లాయర్లు ఉంటారు. ఫ్రీ లాయర్ అంటే పట్టించుకోడని మనవాళ్లకి ఒక అనుమానం. ఆ లాయర్‌కి కేసు వివరాలు, ఇంటి వివరాలు మోసుకెళ్లి ఇచ్చేవాళ్లు ఉంటే బాగానే పట్టించుకుంటారు. ఇంకో సంగతి, 60 రోజుల్లో ఛార్జిషీట్ వేయకపోతే ఈ కేసులో బెయిల్ హక్కుగా వస్తుంది. ఆ తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

పిల్లల సంగతి. ఆరేళ్ల లోపు పిల్లలు తల్లితో పాటు జైల్లో ఉండొచ్చు. 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. కేసు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మీద వేసిందే. పిల్లాడికి పాలు, తిండి, క్రెష్, డాక్టర్ అన్నీ ఉండాలని, జైల్లో ఉండగా బిడ్డ పుడితే పుట్టిన చోటు జైలని సర్టిఫికెట్‌లో రాయకూడదని అందులో ఉంది. పిల్లలతో జైల్లో ఉన్న తల్లుల కేసులు త్వరగా తేల్చాలని కోర్టులకి కూడా ఆదేశం ఉంది. 2022 చివరికి దేశంలో 1,537 మంది తల్లులు 1,764 మంది పిల్లలతో జైళ్లలో ఉన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్క. వాళ్లలో ఎక్కువమంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే.

అయినా మూడేళ్ల పిల్లాడిని లోపలికి పంపాలా వద్దా అన్నది చట్టం తేల్చే విషయం కాదు. మీ ఇంట్లో చూసుకునేవాళ్లుంటే బయటే ఉంచండి అంటాను. వరంగల్ సెంట్రల్ జైలు, నిజాం కాలం నాటిది, 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు. అప్పటిదాకా సిటీ బస్సెక్కి ములాఖత్‌కి పోయొచ్చే కుటుంబాలు ఆ తర్వాత వేరే ఊళ్లకి తిరగాల్సి వచ్చింది. ఆడవాళ్లకి ప్రత్యేక జైలంటే హైదరాబాద్‌లో చంచల్‌గూడ. చిన్నమ్మని ఎక్కడుంచారో ముందు కనుక్కోండి. రిమాండ్ పొడిగింపు వీడియోలో అయిపోతుంటుంది కాబట్టి ఆమెని కోర్టులో చూడొచ్చులే అని కూర్చోవద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఆడమనిషి అని శిక్ష తగ్గిస్తారా? తగ్గించి తీరాలన్న రూలు లేదు. 2017లో హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, మత్తుమందు ఇచ్చి దోచుకున్న మహిళకి ముగ్గురు చిన్నపిల్లలున్నారని హైకోర్టు జైలు శిక్ష తీసేస్తే, సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ పెట్టింది. మహిళ అన్న ఒక్క కారణంతో నేర తీవ్రతని పక్కన పెట్టలేమంది. కాబట్టి ‘ఆడమనిషి సార్, కనికరించండి’ అన్న వాదన మీద ఆశ పెట్టుకోవద్దు.

దానికంటే గట్టి దారి ఉంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం. ప్రొబేషన్ అంటే జైలుకి పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదలడం. దాని 3వ సెక్షన్ తీసి చూడండి: ఐపీసీ 379, 380, 381, 404, 420 అని నంబర్లతో సహా రాసి, వీటిలో దోషిగా తేలినా పాత శిక్షలు లేకపోతే మందలించి వదిలేయొచ్చని ఉంటుంది. పాత 380, 381 అంటే ఇప్పటి 305, 306లే. అంటే మీ చిన్నమ్మ మీద పెట్టే అవకాశమున్న సెక్షన్లనే చట్టం పేరు పెట్టి మరీ చెప్పింది. ఇక 4వ సెక్షన్ కింద అయితే మూడేళ్లకి మించకుండా మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని వదిలేస్తారు. అవసరమైతే ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ పెడతారు. బీఎన్ఎస్ఎస్ 401 ఇంకా సూటిగా ఉంటుంది: ఏ వయసు మహిళ అయినా, ఉరి, యావజ్జీవం పడే నేరం కాకపోతే, మొదటిసారైతే ప్రొబేషన్ ఇవ్వొచ్చు. ఇవ్వగలిగిన చోట ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో 402 కింద కారణాలు రాయాలి. మగవాళ్లకి 21 ఏళ్లు దాటితే ఇంత వెసులుబాటు లేదు. లింగభేదం చూసి రాసిన నిబంధన మన చట్టంలో ఉందంటే చాలామంది లాయర్లకే నమ్మకం కుదరదు.

ఇన్ని ఉండీ ఎందుకు వాడరంటే, శిక్ష వేసేముందు జరిగే ఆ రెండు నిమిషాలు చూడాలి. దోషి అని చెప్పాక జడ్జి గారు ముద్దాయిని అడగాలి, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని. నర్సంపేట వైపు ఒక తండా నుంచి వచ్చిన ఆమెని గుడుంబా కేసులో ఇలాగే అడిగారు. ఆమె చేతులు జోడించి ‘మీ దయ సారు’ అంది. రికార్డులోకి అదే ఎక్కింది: కనికరించమని కోరింది, అని. వృత్తి దగ్గర ‘ఏమీ లేదు’ అని ఉంది. నిజానికి ఆమె సీజన్‌లో పత్తి ఏరుతుంది, ఎండాకాలం ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి తొడిమెలు తీస్తుంది, ఇంట్లో పక్షవాతంతో పడిపోయిన అత్తని ఎత్తి దించుతుంది. గుడుంబా కాచింది మొగుడు, పట్టుబడింది ఇంట్లో ఉన్న ఆమె. ఇవేవీ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పెద్ద కోర్టు, నల్ల కోట్లు, జనం, ఆ టెన్షన్‌లో మనం కూడా చెప్పలేం. బల్ల మీద ఫైళ్లు గుట్టగా ఉన్న జడ్జిని తప్పుపట్టి లాభం లేదు, ఆయన ముందున్న కాగితంలో ఆమె ఉత్త పేరూ తండా పేరూ మాత్రమే.

కాబట్టి ఈ రోజు నుంచే ఒక కవరు పెట్టుకోండి. పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు, అంగన్‌వాడీలో పేరుంటే ఆ కాగితం, బాబాయి చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వదిలేసి పోయి ఉంటే ఆ సంగతి తెలిసిన ఇద్దరి చేత రాయించిన కాగితం, ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకున్న చీటీలుంటే అవి, కిరాయి ఇంటి ఓనరు ఇచ్చే ఉత్తరం, ఇంతకుముందు పనిచేసిన ఇళ్లవాళ్లు ఎవరైనా ‘ఇన్నేళ్లు పనిచేసింది, ఏ ఇబ్బందీ లేదు’ అని రాసిస్తే అది. ఆ చివరిది దొరకడం కష్టమే, పోలీసు కేసు అనగానే జనం తలుపేసుకుంటారు. అయినా అడగండి. నివాసం కాగితం మాత్రం వదలొద్దు. 4వ సెక్షన్ కింద వదలాలంటే ఆమెకి గానీ ష్యూరిటీకి గానీ ఆ కోర్టు పరిధిలో స్థిరమైన నివాసమో పనో ఉందని కోర్టు నమ్మాలి. ఏడాదికో కిరాయి ఇల్లు మారేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ప్రొబేషన్ అధికారి నుంచి రిపోర్టు తెప్పించమని మీ లాయర్ చేత మెమో వేయించండి. అడిగితే తెప్పిస్తారు, అడక్కపోతే ఎవరికీ గుర్తుండదు.

ఇంతసేపూ నేరం రుజువైతే అన్న లెక్కలో మాట్లాడాను. మీ చిన్నమ్మ ఆ గొలుసు తీసిందో లేదో నాకు తెలీదు, ఇంకా ఎవరూ తేల్చలేదు. ఇంట్లో వస్తువు కనబడకపోతే మొదట అనుమానం పనిమనిషి మీదకే పోతుంది. ‘ఒప్పేసుకో, ఫైన్ కట్టించి పంపిస్తారు’ అని సలహా ఇచ్చేవాళ్లు కోర్టు వరండాలో బోలెడుమంది దొరుకుతారు. వినొద్దు. ఒప్పుకుంటే అది శిక్షే, రేపు ఇంకో కేసు వస్తే పాత నేరస్తురాలు అవుతుంది, అప్పుడు పైన చెప్పిన ప్రొబేషన్ తలుపులు చాలావరకు మూసుకుంటాయి. అయిదు వేల లోపు దొంగతనమైతే సొత్తు తిరిగిచ్చి సమాజ సేవతో సరిపెట్టే కొత్త వీలు బీఎన్ఎస్‌లో వచ్చింది గానీ, అది మామూలు దొంగతనానికి పెట్టే 303 కిందే, బంగారు గొలుసు ఆ లెక్కలోకి రాదు. రాజీ మాత్రం ఆలోచించొచ్చు. కేసు 306 కింద ఉంటే కోర్టు అనుమతితో ఓనరమ్మ రాజీపడొచ్చు, రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. 305 పెడితే ఆ వీలు లేదు, రాజీ మీద కేసు కొట్టేయించుకోవాలంటే హైకోర్టుకి పోవాలి. సెక్షన్ చూడమని మొదట్లో అన్నది ఇందుకే. ఛార్జిషీట్ వేసేలోపే ఇది పనిమనిషి కేసే కదా, 306 కదా అని లాయర్ చేత అడిగించండి.

విదేశాల ముచ్చటకి వస్తే, మీరు చదివింది నిజమే. ఇంగ్లండ్‌లో స్టైల్ అనే ఆడవాళ్ల జైల్లో ఏడాది వ్యవధిలో ఆరుగురు చనిపోయాక కోర్‌స్టన్ అనే ఆమె చేత ప్రభుత్వం సమీక్ష చేయించింది. 2007లో వచ్చిన ఆ రిపోర్టు, జైలు అన్నది సమాజానికి ప్రమాదకరమైన ఆడవాళ్లకే ఉండాలని, మిగతావాళ్లకి ఊళ్లోనే మహిళా కేంద్రాల ద్వారా సాయం, నిఘా రెండూ ఉండాలని చెప్పింది. 2014లో మాంచెస్టర్‌లో ఆ పద్ధతిలో కోర్టు మొదలైంది. శిక్ష వేసి ఊరుకోకుండా, కొన్ని వారాలకోసారి అదే మేజిస్ట్రేట్లు ఆమెని పిలిచి మాట్లాడతారు. ఇల్లు దొరికిందా, తాగుడు మానే చికిత్సకి పోతున్నావా, కొట్టే మొగుడి నుంచి బయటపడ్డావా అని. 2023లో బర్మింగ్‌హామ్‌లో కూడా ఆడవాళ్ల కోసం ఇలాంటిదే ప్రయోగంగా పెట్టారు. ఐక్యరాజ్యసమితి 2010లో ఒప్పుకున్న బ్యాంకాక్ నియమాలు, మొత్తం 70, వాటిలో గర్భిణులకి, పిల్లల తల్లులకి వీలైనంతవరకు జైలు లేని శిక్షలే వేయాలని ఉంది.

మన దగ్గర ప్రత్యేక కోర్టు అంటే సాధారణంగా ఇంకా కఠినమైన కోర్టు అని. గంజాయి కేసులు చూడండి. ఏజెన్సీ నుంచి మహారాష్ట్ర వైపు పోయే సరుకు కాజీపేట, వరంగల్ స్టేషన్ల మీదుగా వెళ్తుంది. బ్యాగు మోసే పని కొన్ని వేల రూపాయలకి ఆడవాళ్లకి అప్పజెప్తారు, పిల్లాణ్ని చంకనేసుకుంటే అనుమానం రాదని. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ కింద బెయిల్ దాదాపు రాదు. అందులో మహిళలకి మినహాయింపు కూడా లేదు. 33వ సెక్షన్ ప్రకారం పెద్దవాళ్లకి ప్రొబేషన్ కూడా లేదు, మత్తుమందు వాడినందుకు పెట్టే కేసు లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప. సరుకు ఎవరిదో వాడు దొరకడు. నా దృష్టిలో ప్రత్యేక ఆలోచన అత్యవసరంగా కావాల్సింది ఈ ఆడవాళ్లకే, చట్టం దారులు మూసింది కూడా వీళ్లకే.

మీ కేసుకి సంబంధం లేదు గానీ ఇంకో రకం కూడా ఉంది, ఏళ్ల తరబడి దెబ్బలు తిని ఒకరోజు మొగుణ్ని చంపిన ఆడవాళ్లు. మద్రాస్ హైకోర్టు 1989లో, గౌహతి హైకోర్టు 2013లో ఆ ఏళ్ల హింసని లెక్కలోకి తీసుకుని హత్య నేరాన్ని తగ్గించాయి. అలాంటి తీర్పులు రావాలంటే కొట్టిన దెబ్బల చరిత్ర విచారణలోనే సాక్ష్యంగా రావాలి. ఇక్కడా అదే గొడవ, ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

మరి వరంగల్‌లో అలాంటి కోర్టు పెడితే మంచిదా అంటే, నాకు సగం ఉత్సాహం, సగం భయం. హనుమకొండలో 2021 డిసెంబరులో కొత్త కోర్టు భవనాలు ప్రారంభమయ్యాయి, గదులకి కొరత లేదు. ఒక మేజిస్ట్రేట్‌కి వారంలో ఒక పూట ఆడ ముద్దాయిల కేసులు అప్పజెప్పి, ఆ పూట ప్రొబేషన్ అధికారి, లీగల్ ఎయిడ్ లాయర్, ఒక కౌన్సిలర్ కూర్చుంటే చాలు, కొత్త చట్టం కూడా అక్కర్లేదు. దేశంలో ఖైదీల్లో ఆడవాళ్లు నాలుగు శాతం చిల్లరే కాబట్టి జిల్లాలో ఆ కేసులు ఒక పూటకి సరిపోతాయి. భయమెక్కడంటే, మందలించి పంపాల్సిన చిన్న కేసులో ‘బాగుచేస్తాం’ అని ఏడాది పొడుగునా వాయిదాలకి తిప్పితే? తండా నుంచి ఒక్కసారి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సు ఫ్రీనే, కూలి ఫ్రీ కాదు కదా. ఇంకోటి, మన సానుభూతి అంతా ‘మంచి తల్లి’కే దక్కుతుంది. పిల్లల్లేని ఆమె, మొగుణ్ని వదిలేసినామె, కల్లు తాగే ఆమె, సెక్స్ వర్కర్, వీళ్లకి అదే కోర్టులో నీతిపాఠాలు మిగులుతాయి. నేరానికి శిక్ష వేయాల్సిన చోట బతుకు మీద మార్కులు వేస్తే, పాత కోర్టే నయం అనిపిస్తుంది.

చివరగా, మీ చిన్నమ్మ కేసు ప్రొబేషన్‌తోనో మందలింపుతోనో ముగిస్తే, ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం శిక్ష పడినందువల్ల వచ్చే అనర్హతలేవీ ఆమెకి అంటవు. రేపు ఆయా పోస్టుకో, మధ్యాహ్న భోజనం వంట పనికో దరఖాస్తు పెడితే ఎవరైనా కేసు సంగతి తీస్తారు. అప్పుడు చూపించడానికి తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు తీసి పెట్టుకోండి, ఆ ఉత్తర్వులో 12వ సెక్షన్ ప్రస్తావన రాయమని ముందే మీ లాయర్ చేత అడిగించండి. ఎఫ్ఐఆర్‌లో సెక్షన్ ఏం పెట్టారో చూసి ఇక్కడ రాయండి, పేర్లు రాయకుండా.